పర్యావరణ ఒప్పందాల్లో అసలు నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది?

నీటిగుర్తు

యునెప్ (ఐరాస పర్యావరణ కార్యక్రమం), యునియా (దాని సభ), కాప్ (ఒక్కో ఒప్పందంలో చేరిన పక్షాల సదస్సు), జెఫ్ (పర్యావరణ ప్రాజెక్టులకు డబ్బిచ్చే ప్రపంచ నిధి), హెచ్‌ఎల్‌పీఎఫ్ (సుస్థిరాభివృద్ధిపై ఐరాస ఉన్నతస్థాయి వేదిక). విడివిడిగా ఒక్కోటీ అర్థమవుతోంది గానీ ఎవరు ఎవరికి జవాబుదారీయో తేలడం లేదు. మూడు సందేహాలు.

1. 2022 మార్చి 2న నైరోబీలో యునియా ప్లాస్టిక్ కాలుష్యంపై ఒప్పందం కావాలని తీర్మానించింది. 2024 ఆఖరుకు పూర్తి చేయాలనుకున్నారు. బూసాన్‌లో తెమల్లేదు, 2025 ఆగస్టులో జెనీవాలోనూ తెమల్లేదు. పని అప్పగించిన సభ తానే ఓటు పెట్టి ఎందుకు ముగించదు?

2. ఓజోన్ పొరను కాపాడేందుకు యునెప్ చొరవతోనే పుట్టిన మాంట్రియల్ ప్రోటోకాల్ సాఫీగా నడుస్తోంది. అక్కడ ఉన్నదేమిటి, ఇక్కడ లేనిదేమిటి?

3. అన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చి ప్రపంచ పర్యావరణ సంస్థ పెడితే పని జరుగుతుందా?

"దేశాలకు చిత్తశుద్ధి లేదు" అనే జవాబు ఎక్కడైనా దొరుకుతుంది. నిబంధనల్లో ఏముంది, ఎక్కడ ఇరుక్కుంటోంది అన్నది తెలిసినవారు చెప్పండి.

దస్తావేజు

మొదటి ప్రశ్నకు జవాబు యునెప్ పేరులోనే ఉంది. అది "ప్రోగ్రామ్". 1972 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో ఐరాస పర్యావరణ సదస్సు ముగిశాక, అదే ఏడాది డిసెంబరు 15న ఐరాస సర్వప్రతినిధి సభ 2997వ తీర్మానంతో దాన్ని ఏర్పాటు చేసింది. డబ్ల్యూహెచ్‌ఓ, ఐఎల్‌ఓల మాదిరిగా సొంత ఒడంబడిక మీద నిలిచిన ప్రత్యేక సంస్థ కాదు. సర్వప్రతినిధి సభకు అనుబంధం, అంతే. ప్రత్యేక సంస్థలో సభ్యదేశం చందా కట్టి తీరాలి. యునెప్‌కు ఐరాస సాధారణ బడ్జెట్ నుంచి వచ్చేది చాలా చిన్న వాటా. పర్యావరణ నిధికి ఏ దేశం ఎంత ఇస్తే బాగుంటుందో చెప్పే సూచన పట్టిక ఒకటుంది, అదీ ఐచ్ఛికమే. వచ్చే డబ్బులో సింహభాగం "ఫలానా పనికే వాడాలి" అని ముద్ర వేసుకుని వస్తుంది. అందువల్ల సంస్థ పనుల్లో ఏది ముందో, ఏది వెనకో చాలావరకు దాతల చేతిలోకి పోతుంది.

యునియా దాని పాలకసభ. 2012 దాకా 58 దేశాల పాలకమండలి ఉండేది. ఆ ఏడాది రియో+20 సుస్థిరాభివృద్ధి సదస్సు తర్వాత ఐరాస సభ్యదేశాలన్నిటికీ చోటిచ్చారు. 2013లో పేరు మార్చారు, 2014 జూన్‌లో మొదటి సభ జరిగింది. సభ్యత్వం 193కు పెరిగింది కానీ అధికారం అలాగే పెరిగిందనుకుంటే పొరపాటు. యునియా తీర్మానం ఏ దేశాన్నీ చట్టపరంగా కట్టిపడేయదు.

ప్లాస్టిక్ విషయంలో యునియా చేసింది ఒక్కటే: సంప్రదింపుల కమిటీ పెట్టమని యునెప్ అధిపతిని కోరడం. కమిటీ ఏర్పడ్డాక దాని నిబంధనలు దానివే. యునెప్ గదులు, అనువాదం, ముసాయిదా కాగితాలు చూస్తుంది. కమిటీ పాఠం ఖరారు చేస్తే, దాన్ని ఆమోదించడానికి పూర్తి అధికారాలున్న రాయబారుల సదస్సు వేరుగా పెట్టాలి. తర్వాత సంతకాలు, ఒక్కో దేశంలో ఆమోదం, ఆమోదపత్రం డిపాజిటరీకి (ఒప్పందపత్రాలు భద్రపరిచే అధికారికి) చేర్చడం, నిర్ణీత సంఖ్య నిండాక అమలు. ఈ వరుసలో ఎక్కడా యునియా మళ్లీ కనిపించదు. పెళ్లి సంబంధం చూపించిన పెద్దమనిషి లాంటిది అది, కాపురం చేయించలేదు.

సచివాలయాల సంగతీ అంతే. సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారం), జీవవైవిధ్యం, బాసెల్ (ప్రమాదకర వ్యర్థాలు), స్టాక్‌హోమ్ (ఏళ్ల తరబడి విరగని విషరసాయనాలు), మినమాటా (పాదరసం), ఓజోన్ ఒప్పందాల సచివాలయాలను యునెప్ నిర్వహిస్తుంది. జీతాల కాగితాలు నైరోబీ (యునెప్ కేంద్రం) పద్ధతిలో నడుస్తాయి, పనుల చిట్టా, బడ్జెట్ మాత్రం ఆయా ఒప్పందాల కాప్‌లు రాస్తాయి. వాతావరణ ఒడంబడిక అసలు యునెప్ కుటుంబంలోకే రాలేదు. 1990లో సర్వప్రతినిధి సభ ఆ చర్చలను నేరుగా తన కిందే పెట్టుకుంది. బాన్‌లోని ఆ సచివాలయం యునెప్‌కు జవాబు చెప్పదు.

చదరపుకుండలి

దస్తావేజు గారు చెప్పినదానికి కొనసాగింపు. "ఓటు ఎందుకు పెట్టరు" అన్నదే అసలు ముడి.

వాతావరణ ఒడంబడిక కాప్‌కు కార్యవిధాన నియమాలు ఈనాటికీ ముసాయిదానే. 1995లో బెర్లిన్‌లో మొదటి కాప్ నాటికి 42వ నియమం, అంటే ఓటింగు నియమం, ఇంకా ఒప్పుకోలేదనే గుర్తుగా చదరపు కుండలీకరణాల్లో ఉండిపోయింది. చమురు ఎగుమతి దేశాలు మెజారిటీ ఓటుకు ఒప్పుకోలేదు. అప్పటి నుంచి ప్రతి కాప్ మొదటి రోజున అధ్యక్షులు ఒకే వాక్యం చదువుతారు: 42 మినహా మిగతా ముసాయిదా నియమాలు వర్తిస్తాయి. ఓటింగు నియమం లేదు కాబట్టి ఏకాభిప్రాయమే దారి. ఏకాభిప్రాయమంటే ఏమిటో కూడా రాసి లేదు. ఆచరణలో "అధికారిక అభ్యంతరం లేకపోవడం" అని తీసుకుంటున్నారు.

అక్కడ ఇక నిర్ణయం అయిపోయిందని సుత్తి కొట్టే అధ్యక్షుల తెలివే నియమం. 2009లో కోపెన్‌హేగన్‌లో కొన్ని దేశాలు అడ్డు చెప్పాయి, ఒప్పందాన్ని ఆమోదించకుండా "గమనించాం" అని రాసి వదిలేశారు. మరుసటి ఏడాది కాన్‌కూన్‌లో బొలీవియా ఒక్కటే అడ్డు నిలబడితే, ఏకాభిప్రాయమంటే ఒక దేశానికి వీటో హక్కు కాదని చెప్పి అధ్యక్షురాలు పాట్రీషియా ఎస్పినోజా సుత్తి కొట్టేశారు. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం అభ్యంతరం చెబుతుండగానే జీవవైవిధ్య లక్ష్యాలు ఆమోదమయ్యాయి. మీదపడే దేశం బరువును బట్టి సుత్తి ధైర్యం మారుతుందని ఈ మూడు ఘటనలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఇలా పైచేయి సాధించినా తర్వాత బిల్లు వస్తుంది: 2013 జూన్‌లో బాన్‌లో రష్యా, బెలారూస్, ఉక్రెయిన్ తమ అభ్యంతరం లెక్కచేయకుండా అంతకుముందు సుత్తి కొట్టేశారనే ఫిర్యాదుతో అమలు విభాగం ఎజెండాను రెండు వారాలు కదలనివ్వలేదు.

విచిత్రమేమిటంటే ఒడంబడిక 15వ ఆర్టికల్ సవరణలకు ఆఖరి మార్గంగా నాలుగింట మూడొంతుల మెజారిటీని అనుమతిస్తోంది. 2011లో పాపువా న్యూగినీ, మెక్సికో దీన్నే ఆధారం చేసుకుని ఓటింగును ఒడంబడికలోకి సవరణగా తేవాలని ప్రతిపాదించాయి. ముందుకు సాగలేదు. సాగినా ఆ సవరణ ఆమోదపత్రం ఇచ్చినవారికే వర్తిస్తుంది.

ప్లాస్టిక్ చర్చలు సరిగ్గా ఈ గుంతలోనే పడ్డాయి. ముసాయిదా 38వ నియమం ఏకాభిప్రాయం కుదరకపోతే మూడింట రెండొంతుల ఓటు అంటుంది. 2023లో పారిస్‌లో అయిదు రోజుల సమావేశంలో దాదాపు రెండు రోజులు ఈ ఒక్క వాక్యానికే పోయాయి. చివరికి "దీనిపై భిన్నాభిప్రాయాలున్నాయి" అని రికార్డు చేసి వదిలేశారు. నియమం కాగితం మీద ఉంది, వాడే దమ్ము అధ్యక్ష స్థానానికి లేకుండా పోయింది. మూలపాఠం మీద గొడవ మొదలవకముందే ఆట ముగిసిందని నా లెక్క.

నీటిగుర్తు

42వ నియమం కథ తెలియదు, ధన్యవాదాలు. అయితే ఓటు ఉన్న ఒప్పందాలన్నీ బాగా నడుస్తున్నాయా?

చదరపుకుండలి

అన్నీ కాదు. సైటిస్‌లో వ్యాపార ఆంక్షలున్న జాతుల అనుబంధం I, II జాబితాల మార్పుకు హాజరై ఓటేసిన దేశాల్లో మూడింట రెండొంతులు చాలు, 90 రోజులకు అమల్లోకి వస్తుంది. కానీ ఆ 90 రోజుల్లోపే "మాకు వర్తించదు" అని రిజర్వేషన్ పెట్టుకోవచ్చు, తరచూ ఆ జాతిని ఎక్కువగా కొనే దేశాలే పెడతాయి.

ఓటుతో ఆపడమూ సాధ్యమే. 2025 అక్టోబరులో అంతర్జాతీయ నౌకాయాన సంస్థలో ఓడల ఉద్గారాల ప్రణాళికపై చర్చను ఏడాది వాయిదా వేయాలని ఓటు పెట్టారు, 57–49తో వాయిదా గెలిచింది. ఓటింగు నియమం రెండు వైపులా కోసే కత్తి.

ఓజోన్‌పొర

రెండో ప్రశ్న నాకు వదలండి. మాంట్రియల్ ప్రోటోకాల్ మీద వచ్చే వ్యాసాలు "శాస్త్రం స్పష్టంగా ఉంది, ప్రత్యామ్నాయం దొరికింది" దగ్గర ఆగిపోతాయి. అది సగమే.

మొదట సర్దుబాటుకు, సవరణకు తేడా చూడండి. జాబితాలో లేని కొత్త రసాయనాన్ని చేర్చాలంటే సవరణ, అంటే ప్రతి దేశం మళ్లీ ఆమోదపత్రం ఇవ్వాలి. ఇప్పటికే జాబితాలో ఉన్నదాని తగ్గింపు గడువును ముందుకు జరపాలంటే 2వ ఆర్టికల్ 9వ పేరా కింద సర్దుబాటు సరిపోతుంది. సర్దుబాటును మూడింట రెండొంతుల ఓటుతో తీసుకోవచ్చు, ఆ ఓట్లలో అభివృద్ధి చెందిన దేశాల మెజారిటీ, వర్ధమాన దేశాల మెజారిటీ రెండూ విడిగా ఉండాలి. డిపాజిటరీ తెలియజేసిన ఆరు నెలలకు అన్ని దేశాలకూ వర్తిస్తుంది, వ్యతిరేకించిన దేశం సహా. ఆమోదపత్రం అక్కర్లేదు. 1987లో సీఎఫ్‌సీలను (ఫ్రిజ్‌ల వంటి వాటిలో వాడిన, ఓజోన్‌ను తినే వాయువులను) సగానికి తగ్గిస్తామని మొదలైంది పూర్తి నిషేధం దాకా వెళ్లింది ఈ తలుపు గుండానే. ఇప్పటిదాకా సర్దుబాట్లన్నీ ఏకాభిప్రాయంతోనే జరిగాయి. ఓటు పడుతుందని తెలిసినప్పుడు అడ్డుపడే దేశం బేరమాడుతుంది గానీ మొండికేయదు.

రెండోది 4వ ఆర్టికల్: సభ్యులు కాని దేశాలతో ఆ రసాయనాల వ్యాపారం నిషిద్ధం. బయట ఉంటే సరుకు దొరకదు. 198 పక్షాలు చేరడానికి ఇది గట్టి కారణం. సీఎఫ్‌సీలు తయారుచేసే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే కాబట్టి ఈ తాళం పడింది. ప్లాస్టిక్‌కు ఇదే తాళం అంత తేలిగ్గా పడదు, ముడిసరుకు ప్రతిచోటా ఉంది.

మూడోది డబ్బు. 5వ ఆర్టికల్ కింద తలసరి వినియోగం 0.3 కిలోలకు తక్కువున్న వర్ధమాన దేశాలకు పదేళ్ల వెసులుబాటు ఇచ్చారు, 1990లో లండన్‌లో బహుపక్ష నిధి పెట్టారు. దాని కార్యవర్గంలో 14 మంది, అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. అది చెల్లించేది "అదనపు ఖర్చు" మాత్రమే. ఫ్రిజ్‌లు చేసే ఫ్యాక్టరీ సీఎఫ్‌సీ-12 నుంచి హైడ్రోకార్బన్‌కు మారిందనుకోండి. కొత్త వాయువు మండుతుంది కాబట్టి నింపే యంత్రం, లీక్ డిటెక్టర్లు, వెంటిలేషన్, విద్యుత్ భద్రత మార్పులు, కార్మికుల శిక్షణ, కొంతకాలం దాకా ముడిసరుకు ధరలో తేడా ఇస్తారు. లైన్ సామర్థ్యం పెంచుకుంటే ఆ పెంపు ఖర్చు ఇవ్వరు. విదేశీ యాజమాన్యం వాటా కోసేస్తారు. నిర్ణీత తేదీ తర్వాత కట్టిన ప్లాంటుకు పైసా రాదు, సీఎఫ్‌సీల విషయంలో ఆ తేదీ 1995 జులై 25. దరఖాస్తులు తిరిగొచ్చేది ఎక్కువగా ఇక్కడే: ఆధునికీకరణ ఖర్చును మార్పిడి ఖర్చుగా చూపిస్తారు.

లెక్కలు అడిగే పద్ధతి నాలుగోది. ప్రతి దేశం ఏటా సెప్టెంబరు 30లోపు ముందు ఏడాది ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి లెక్కలు పంపాలి. వినియోగమంటే ఉత్పత్తికి దిగుమతి కలిపి ఎగుమతి తీసివేయగా వచ్చేది. పరిమితి దాటితే పది దేశాల అమలు కమిటీ ముందుకు వెళ్లాలి. కమిటీ మొదట కారణం, తర్వాత ఏ ఏడాదికి ఎంత తగ్గిస్తారో అంకెలతో ప్రణాళిక అడుగుతుంది. తప్పు చేసిన దేశం తనంతట తానే వచ్చి చెప్పుకోవచ్చు, చెప్పుకుంటే సాయం దొరుకుతుంది. వినకపోతే వ్యాపార హక్కులు నిలిపేసే దాకా మెట్లున్నాయి.

ఇదంతా ఉన్నా ఒక రంధ్రం మిగిలింది. 2018లో వాతావరణ కొలతల్లో సీఎఫ్‌సీ-11 తగ్గాల్సినంత తగ్గడం లేదని, ఎవరో మళ్లీ వదులుతున్నారని తేలింది. లెక్కల్లో ఆ ఉత్పత్తి సున్నా. దక్షిణ కొరియాలోని గోసాన్, జపాన్‌లోని హతెరుమా కేంద్రాల కొలతలతో పెరుగుదలలో పెద్ద భాగం తూర్పు చైనా నుంచని 2019లో తేల్చారు, తర్వాత అక్కడ తగ్గింది. పట్టుకున్నది ప్రోటోకాల్ కాదు, గాలి కొలిచే యంత్రాలు. ఆ రెండు కేంద్రాలు గాలివాలుకు ఉండబట్టి దొరికింది. ప్రపంచంలో చాలా ప్రాంతాలకు అలాంటి కేంద్రం లేదు.

నిధులలెక్క

జెఫ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా. చాలామంది "కాప్ నిధులు మంజూరు చేసింది" అని రాస్తారు, కాప్ ఏ ప్రాజెక్టునూ మంజూరు చేయలేదు. కాప్ మార్గదర్శకం ఇస్తుంది. 32 నియోజకవర్గాల (ఒక్కోటి ఒక దేశమో, దేశాల గుంపో) జెఫ్ కౌన్సిల్ నిర్ణయిస్తుంది. ఓటే పెట్టాల్సి వస్తే పాల్గొనే దేశాల్లో 60 శాతం, చందాల విలువలో 60 శాతం, రెండూ కావాలి. ఇది కూడా ఓజోన్‌పొర గారు చెప్పిన జోడు మెజారిటీకి బంధువే, కాకపోతే ఇక్కడ రెండో తూకం డబ్బుది.

దేశం వైపు నుంచి వరుస ఇలా ఉంటుంది. దేశంలోని ఆపరేషనల్ ఫోకల్ పాయింట్ (జెఫ్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి) సమ్మతి లేఖ, 18 అమలు సంస్థల్లో ఒకటి రాసే ప్రాజెక్టు గుర్తింపు పత్రం, సచివాలయ పరిశీలన, శాస్త్ర సలహామండలి వడపోత, కౌన్సిల్ ఆమోదం, తర్వాత 18 నెలల్లో పూర్తి పత్రంతో సీఈఓ ఆమోదం. పెద్ద ప్రాజెక్టులు జారిపోయేది ఈ 18 నెలల్లోనే. గుర్తింపు పత్రంలో ఘనంగా రాసిన సహ-నిధులకు (ఇతరులు పెడతామన్న డబ్బుకు) సంతకం చేసిన లేఖలు రావు. లేఖ ఇచ్చిన అధికారి బదిలీ అయిపోతాడు. సహ-నిధి అంకెను మొదటే తక్కువగా, లేఖ దొరికేంతే రాసుకోవడం మేలు.

నీటిగుర్తు

మరి పారిస్ ఒప్పందం? అందులో లక్ష్యాలు చట్టబద్ధం కావని ఒకరు, అవునని ఒకరు అంటారు.

దస్తావేజు

ఇద్దరూ సగం సగం. 4వ ఆర్టికల్ 2వ పేరా ప్రకారం జాతీయ లక్ష్యాన్ని తయారు చేయడం, సమర్పించడం, కొనసాగించడం విధి. దాన్ని చేరాలనే ఉద్దేశంతో దేశీయ చర్యలు చేపట్టడమూ విధే. అంకెను చేరడం మాత్రం విధిగా రాయలేదు. 2015 డిసెంబరు 12న ఆఖరి పాఠంలో సంపన్న దేశాల ఉద్గార లక్ష్యాల వాక్యంలో "చేయాలి" అని పడింది, అమెరికా అభ్యంతరంతో అక్షరదోషం కింద "చేయడం మంచిది" అనే అర్థమొచ్చే క్రియకు మార్చారు. ఒక్క క్రియాపదం మారకపోతే ఆ రోజు ఒప్పందం లేదు.

పారిస్ ఒప్పందం 15వ ఆర్టికల్ కింద ఉన్న 12 మంది కమిటీ శిక్ష వేయదు, అలాగని రాసే పెట్టారు. లెక్కలు రెండేళ్లకోసారి, మొదటివి 2024 డిసెంబరు 31కి ఇవ్వాల్సి ఉండింది. అయితే 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయం ఈ చర్చను కొంచెం జరిపింది: లక్ష్యం ఎంత అన్నది పూర్తిగా దేశం ఇష్టం కాదు, తగిన శ్రద్ధ చూపాలి, ఇతరులకు తీవ్ర హాని జరగకుండా చూసే బాధ్యత ఒప్పందాలకు అవతల ఆచార న్యాయంలోనూ ఉంది అని. సలహా అభిప్రాయం స్వయంగా కట్టడి చేయదు. జాతీయ కోర్టుల్లో వాదనకు పనికొస్తుంది.

చదరపుకుండలి

మూడో ప్రశ్నకు నా ఓటు "వద్దు". ప్రపంచ పర్యావరణ సంస్థ ఆలోచన పాతదే. 2007లో పారిస్‌లో ఫ్రాన్స్ పిలుపునిస్తే 46 దేశాలు మద్దతిచ్చాయి, రియో+20కి ముందు ఐరోపా, ఆఫ్రికా దేశాలు మళ్లీ ఎత్తాయి, చివరికి దక్కింది యునియా. సంస్థ పెట్టినంత మాత్రాన సైటిస్, బాసెల్, వాతావరణం అందులో కలవవు. ఒక్కోదాని సభ్యులు వేరు, ఒక్కో కాప్ విడిగా ఒప్పుకోవాలి. డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) కోరలు చూసి ఆశపడేవాళ్లు దాని అప్పీలు మండలి 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదని గుర్తుంచుకోవాలి.

కలపాలంటే చిన్న దారి ఉంది. బాసెల్, రాటర్‌డామ్ (ప్రమాదకర రసాయనాల వ్యాపారం), స్టాక్‌హోమ్ ఒడంబడికల కాప్‌లు 2010 ఫిబ్రవరిలో బాలిలో ఒకేసారి కూర్చుని నిర్వహణ కలిపేసుకున్నాయి. మూడింటికీ ఒకే అధిపతి, 2013 నుంచి వరుసగా ఒకేచోట సమావేశాలు. ఒప్పందాలు మూడూ చట్టపరంగా వేరుగానే ఉన్నాయి. రిపోర్టులు రాసే చిన్న దేశాల ప్రతినిధులకు ప్రయాణాలు తగ్గాయి.

దస్తావేజు

నేను పూర్తిగా ఒప్పుకోను. ప్రత్యేక సంస్థకు ఉండే ఒక సాధనం యునెప్‌కు లేదు. డబ్ల్యూహెచ్‌ఓ తన రాజ్యాంగం 21వ ఆర్టికల్ కింద చేసే నిబంధనలు, వద్దని గడువులోగా చెప్పిన దేశానికి తప్ప అందరికీ వర్తిస్తాయి. మౌనం అంగీకారం. పర్యావరణంలో ప్రతిసారీ ఆమోదపత్రాల కోసం ఏళ్లు ఎదురుచూడటం కన్నా అది నయం. గొడుగు కాదు, ఆ సాధనం కావాలి.

హెచ్‌ఎల్‌పీఎఫ్ అడిగారు కదా: 2013లో సుస్థిరాభివృద్ధి కమిషన్ స్థానంలో వచ్చింది. దేశాలు స్వచ్ఛంద సమీక్ష చదువుతాయి, మార్కులు వేసేవారు లేరు. సమీక్షలో ప్రభుత్వం రాసుకున్నది చదివే ముందు సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లోని 12.4.1 సూచిక తీసి చూడండి. బాసెల్, స్టాక్‌హోమ్, మాంట్రియల్, రాటర్‌డామ్, మినమాటాలకు ఆ దేశం పంపాల్సిన సమాచారం పంపిందో లేదో అందులో తెలుస్తుంది. నివేదిక ఎంత రంగుల్లో ఉన్నా ఈ గడి అబద్ధం చెప్పదు.

నీటిగుర్తు

ఆఖరుగా, ప్లాస్టిక్ ముసాయిదా మళ్లీ బయటికొస్తే ఏ నిబంధనలు ముందు చదవాలి?

ఓజోన్‌పొర

లక్ష్యాల అధ్యాయం చివర చదవండి. ముందు కాప్ నిర్ణయాల నియమం: ఓటు ఉందా, "నియమాలను కాప్ తర్వాత ఏకాభిప్రాయంతో రూపొందిస్తుంది" అని వదిలేశారా. తర్వాత అనుబంధాల మార్పు: వద్దనేవారే చెప్పాలా, కావాలనేవారే చెప్పాలా. ఆపైన సభ్యులు కానివారితో వ్యాపారం. పోలికకు సముద్ర జీవవైవిధ్య ఒప్పందం పక్కన పెట్టుకోండి. 2023లో ఆమోదమై 2026 జనవరి 17న అమల్లోకొచ్చిన దాంట్లో ఏకాభిప్రాయం కుదరకపోతే ఓటు అని మూలపాఠంలోనే రాసేశారు, 42వ నియమం పాఠం నేర్చుకున్నట్టున్నారు.

చదరపుకుండలి

సవరణ ఎప్పుడు అమల్లోకి వస్తుందో చెప్పే వాక్యాన్ని కూడా పదం పదం చదవండి. బాసెల్‌లో సంపన్న దేశాల నుంచి పేద దేశాలకు ప్రమాదకర వ్యర్థాల ఎగుమతి నిషేధ సవరణ 1995లో ఆమోదమైంది. అమలుకు "ఆమోదించిన పక్షాల్లో నాలుగింట మూడొంతులు" కావాలని రాశారు. సవరణ ఆమోదించిన నాటి పక్షాలా, లెక్కపెట్టే నాటి పక్షాలా అన్నది రాయలేదు. పక్షాలు పెరిగే కొద్దీ గీత దూరం జరుగుతూ పోయింది. 2011లో కార్తహేనాలో "ఆనాటి పక్షాలే" అని తేల్చారు, ఆ లెక్కన మిగిలిన ఆఖరి ఆమోదపత్రం 2019 సెప్టెంబరులో క్రొయేషియా ఇచ్చింది, డిసెంబరు 5న అమల్లోకి వచ్చింది. మొత్తం 24 ఏళ్లు.